కొలిచిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? పీణ్యాలో నన్ను అందరూ అడిగే ప్రశ్నలు

బెంగళూరు పీణ్యాలో ఒక చిన్న కొలతల ల్యాబులో పనిచేస్తాను. చుట్టూ టర్నింగు, గ్రైండింగు, కాస్టింగు, ప్లేటింగు షాపులు. హిందూపురం, అనంతపురం, కర్నూలు వైపు నుంచి డిప్లొమానో బీటెక్కో చేసి వచ్చిన పిల్లలు ఈ పేటలో బోలెడంతమంది ఉన్నారు, వాళ్లలో సగంమందికి నా నంబరు ఎలాగో దొరికింది. ఒకే ప్రశ్నకు మళ్లీ మళ్లీ వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. వరసేమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశాను, మీకు కావలసింది వెతుక్కోండి.

మెట్రాలజీ అంటే వాన కబుర్లే కదా?

కాదు, అది మెటియరాలజీ. మా మేనమామ ఇప్పటికీ ప్రతి జూన్‌లో ఫోన్ చేసి "ఈసారి వానలు ఎట్లుంటాయిరా" అని అడుగుతాడు, నేనూ ఏదో ఒకటి చెప్పేస్తుంటాను. మెట్రాలజీ అంటే కొలిచే శాస్త్రం. తయారైన వస్తువు డ్రాయింగులో ఉన్నట్టే వచ్చిందా, వాడితే ఎంతకాలం నిలుస్తుంది, పాడైతే ఎందుకు పాడైంది, వచ్చేసారి అలా కాకుండా ఏం మార్చాలి: ఈ నాలుగూ కలిపితే మా పని. మొదటిది తప్పితే మిగతా మూడూ తప్పుతాయి, అందుకే నేను ఎక్కువ గోల దాని మీదే చేస్తాను.

వర్నియర్ మీద అంకె కనిపిస్తోంది కదా, ఇంకా అనుమానం దేనికి?

ఈ ప్రశ్నకు నేను ఒక కథ చెప్తాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

కొన్నేళ్ల కిందట ఒక షాపులో అల్యూమినియం హౌసింగులు చేసేవాళ్లం. అందులో 6207 నంబరు బేరింగ్ కూర్చోవాలి, అంటే 72 మిల్లీమీటర్ల బోరు (రంధ్రం), టాలరెన్స్, అంటే సైజులో ఒప్పుకునే తేడా, మొత్తం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే అందులో సగం కూడా కాదు. బోర్ డయల్ గేజ్ పెట్టి ప్రతి పీసునూ కొలిచాం, అన్నీ ఓకే, రిపోర్టు మీద సంతకం, బండి ఎక్కించాం. మూడోరోజు కస్టమర్ దగ్గర్నుంచి ఫోన్: బేరింగులు ఎక్కట్లేదు, బోర్లు చిన్నగా ఉన్నాయి. వెనక్కి తెప్పించి కొలిస్తే నిజమే, చిన్నగానే ఉన్నాయి. మా మేనేజరు నేరుగా ఆపరేటర్ మీద పడ్డాడు, రీడింగులు దొంగవి రాశావని. అతను కోలారు జిల్లా మనిషి, ఇంట్లో తెలుగే, మాటలు తక్కువ. ఏమీ అనకుండా నన్ను వాషింగ్ మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి అప్పుడే బయటికొచ్చిన హౌసింగు ఒకటి నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. అంతే, అర్థమైపోయింది.

వేడి నీళ్లలో కడిగిన పీసు 38 డిగ్రీల దగ్గర ఉంది. గేజ్‌ను సున్నా చేసిన స్టీలు రింగు 24 డిగ్రీల దగ్గర ఉంది. అల్యూమినియం ఒక్క డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు పెరుగుతుంది. 72 మిల్లీమీటర్లకు, 14 డిగ్రీల తేడాకు లెక్క వేస్తే 23 మైక్రాన్ల పైనే. అంటే వేడి పీసు తన టాలరెన్సులో మూడొంతుల కంటే ఎక్కువ దాకా ఊరికే ఉబ్బి కనిపించింది, రాత్రి చల్లారి అసలు సైజుకు దిగింది. గేజ్ తప్పు చెప్పలేదు, ఆపరేటరూ తప్పు రాయలేదు. అంకె ఆ క్షణానికి నిజమే.

కాబట్టి వర్నియర్ మీద అంకె కనిపించగానే నా మొదటి అనుమానం పీసు మీద కాదు, ఆ అంకె మీద. ఇంకో మాట, వర్నియర్ లీస్ట్ కౌంట్ 0.02 మిల్లీమీటర్లు, అంటే 20 మైక్రాన్లు. 25 మిల్లీమీటర్ల బోరుకు డ్రాయింగులో హెచ్7 అని గ్రేడు రాస్తే టాలరెన్స్ 21 మైక్రాన్లు. దాన్ని వర్నియర్‌తో చెక్ చేశామని చెప్పే పిల్లలు నెలకు ఒకరైనా వస్తారు. బియ్యం బస్తాలు తూచే కాటాలో బంగారం తూచినట్టు ఉంటుంది. పనిముట్టు చూపించగల అతి చిన్న తేడా టాలరెన్సులో పదోవంతుకు మించకూడదు అన్నది షాపులో అందరూ పాటించే మోటు లెక్క, అదైనా గుర్తుంచుకోండి.

కొలత గదికి 20 డిగ్రీలే ఎందుకు? మనకు 27 పెట్టుకుంటే ఏసీ బిల్లు తగ్గదా?

తగ్గుతుంది, నిజమే. కానీ డ్రాయింగు మీద రాసిన ప్రతి సైజూ "20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇంత" అని అర్థం, విడిగా రాయకపోయినా. 1931లో అంతర్జాతీయ తూనికలు కొలతల కమిటీ దీన్ని ఒప్పుకుంది, తర్వాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ వేసిన మొట్టమొదటి సిఫార్సు, 1951లో, ఇదే. అందుకే దానికి ఐఎస్‌ఓ 1 అని నంబరు. స్క్రూల గురించి కాదు, బోల్టుల గురించి కాదు, ముందు ఏ వేడి దగ్గర కొలవాలో తేల్చుకున్నారు.

పీసూ గేజూ రెండూ స్టీలే అయి, రెండూ ఒకే వేడిలో ఉంటే 27 దగ్గర కొలిచినా పెద్దగా నష్టం లేదు, రెండూ సమానంగా పెరుగుతాయి కాబట్టి. అల్యూమినియం, ఇత్తడి, ప్లాస్టిక్ వస్తేనే గొడవ. బెంగళూరు చల్లగా ఉంటుంది కదా అని ధీమాగా ఉండకండి, మార్చిలో రేకుల షెడ్డు కింద ఉదయం ఏడుకు, మధ్యాహ్నం మూడుకు మధ్య తేడా ఎంత ఉంటుందో ఒక థర్మామీటర్ వేలాడదీసి చూడండి.

క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంది. ఇంక సరిపోయినట్టేగా?

క్యాలిబ్రేషన్ అంటే మన పనిముట్టును అంతకంటే నమ్మకమైనదానితో సరిచూడడం. ఆ సర్టిఫికెట్ ఎప్పుడైనా చదివారా? చాలామంది ఫైల్లో పెట్టి ఆడిటర్ వచ్చినప్పుడు తీస్తారు, అంతే. అందులో చూడాల్సినవి రెండు. ఒకటి, మీ పనిముట్టు ఎక్కడ ఎంత తప్పు చూపిస్తోంది. రెండు, ఆ మాట చెప్పడంలో ల్యాబుకు ఉన్న అనిశ్చితి ఎంత. ఏ కొలతా చుక్క కాదు, అది ఒక చిన్న పట్టీ.

ఉదాహరణకు పై హద్దు 25.021. మీకు 25.020 వచ్చింది. మీ అనిశ్చితి అటూ ఇటూ 4 మైక్రాన్లు. ఇప్పుడు పీసు పాసా ఫెయిలా? నిజాయితీగా చెప్పాలంటే తెలియదు. అందుకే కొన్ని కంపెనీలు హద్దును లోపలికి జరుపుకుంటాయి, 25.017 దాటితే పక్కన పెట్టేస్తాయి. గార్డ్ బ్యాండ్ అంటారు. ఖర్చే, కానీ కస్టమర్ దగ్గర్నుంచి వెనక్కి వచ్చే బండి అద్దె కంటే తక్కువ.

గొలుసు సంగతి కూడా తెలిసి ఉండాలి. మీ మైక్రోమీటర్‌ను స్లిప్ గేజులతో (కచ్చితమైన మందానికి చేసిన స్టీలు బిళ్లలు) సరిచూస్తారు, స్లిప్ గేజులను ఇంకా పెద్ద ల్యాబులో, అలా అలా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దాకా వెళ్తుంది. అక్కడ మీటరు అంటే ఇనుప కడ్డీ కాదు; 1983 నుంచి శూన్యంలో కాంతి ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెళ్లే దూరమే మీటరు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా కింద ఉన్న మీ అంకెకు విలువ లేదు. ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ముద్ర, ల్యాబులు పాటించాల్సిన ఐఎస్‌ఓ 17025 ప్రమాణం అన్నవి ఈ గొలుసు బతికి ఉందని చెప్పడానికే. ఇంకో సంగతి, క్యాలిబ్రేషన్ అయిన మర్నాడే మైక్రోమీటర్ కిందపడితే సర్టిఫికెట్ మీద ఇంకా 364 రోజులు మిగిలే ఉంటాయి. కానీ మైక్రోమీటర్ పోయినట్టే.

ప్రెషర్ గేజ్ క్యాలిబ్రేషన్లో గురుత్వాకర్షణ అడుగుతున్నారు, ఇదెక్కడి చోద్యం?

చోద్యం కాదు. డెడ్ వెయిట్ టెస్టర్‌లో ఒక పిస్టన్ మీద బరువులు పెట్టి ఒత్తిడి పుట్టిస్తారు. ఆ బరువులు 9.80665 అన్న ప్రామాణిక గురుత్వానికి తయారు చేసి ఉండొచ్చు. బెంగళూరు భూమధ్యరేఖకు దగ్గర, పైగా సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ అది దాదాపు 9.78. తేడా 0.27 శాతం. మీ గేజ్ క్లాసు 0.25 అయితే, అంటే 0.25 శాతం తప్పు దాకా ఒప్పుకునేదైతే, ఊరు మారినందుకే మొత్తం క్లాసు తినేసినట్టు. ఇదే కారణంగా పెద్ద బరువుల ఎలక్ట్రానిక్ కాటా ఇంకో ఊరినుంచి తెస్తే ఇక్కడ మళ్లీ సెట్ చేయించాలి.

గేజ్ ఆర్ అండ్ ఆర్ అంటే ఏంటి? ఆడిటర్ అడిగితే వణుకొస్తోంది.

వణకాల్సిన పనిలేదు, ఇది మన పని గురించి మనమే అడిగే ప్రశ్న. పీసుల మధ్య కనిపించే తేడాలో పీసుల సొంత తేడా ఎంత, మనం కొలవడం వల్ల వచ్చిన తేడా ఎంత? మామూలుగా 10 పీసులు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు ఒక్కో పీసును రెండు మూడుసార్లు. ఒకే మనిషి మళ్లీ కొలిస్తే వచ్చే తేడా ఒకటి, మనిషి మారితే వచ్చే తేడా ఇంకొకటి. మోటారు రంగంలో వాడే లెక్క ప్రకారం కొలత వాటా 10 శాతం లోపుంటే బాగున్నట్టు, 30 దాటితే ఆ పద్ధతి పనికిరాదు, మధ్యలో ఉంటే పని ఎంత కీలకమో చూసి ఒప్పుకుంటారు.

లెక్క ఎక్సెల్ చేసి పెడుతుంది. చెడగొట్టేది మనమే. నేను చూసిన వేషాలు కొన్ని చెప్తా. ఒకటి, పదీ వరసగా వచ్చిన పీసులే తీసుకోవడం. అన్నీ ఒకేలా ఉంటే పీసుల తేడానే ఉండదు కాబట్టి పద్ధతి ఎంత మంచిదైనా ఫెయిల్ అవుతుంది, అప్పుడు గేజ్‌ను తిడతారు. రెండు, దీనికి తలకిందులు: పాస్ చేయించాలని పెద్దదీ చిన్నదీ రిజెక్టు పీసులు ఏరి కలపడం. మూడు, పీసు మీద మార్కర్‌తో నంబరు రాసి మనిషికి ఎదురుగా పెట్టడం. అతనికి పోయినసారి 4 నంబరుకు 0.013 వచ్చిందని గుర్తుంటుంది, చెయ్యి దానంతటదే 0.013 దగ్గర ఆగుతుంది. మోసం కాదు, మనిషి బుద్ధి అంతే. నంబరు కనపడకుండా కింద వైపు రాసి, క్రమం కలిపేసి ఇవ్వండి. నాలుగోది అన్నిటికంటే పెద్దది: ముగ్గురు మనుషులు అని రాసి ముగ్గురి కాలమ్‌లూ ఒక్కరే నింపడం. అది కాగితం చూడగానే తెలిసిపోతుంది, ఇద్దరి మధ్య తేడా అసలు లేకపోతే ఆ ఇద్దరూ లేరన్నమాట.

పోయిన ఏడాది ఒక రబ్బరు సీల్ మందం మీద ఈ స్టడీ చేస్తే మొదటిసారి 46 శాతం వచ్చింది. మైక్రోమీటర్ కొత్తది, మనుషులు మంచివాళ్లు. పక్కన నిలబడి చూస్తే ఒకతను రాచెట్ (ఎక్కువ బిగుసుకోకుండా జారిపోయే చివరి పిడి) మూడుసార్లు తిప్పుతున్నాడు, ఇంకొకతను అది అసలు వాడకుండా చేత్తో బిగిస్తున్నాడు. రబ్బరు నలిగిపోతోంది. బరువు మారని డయల్ స్టాండ్ పెట్టాక 12కి దిగింది. కొత్త మిషను కొనే ముందు పావుగంట పక్కన నిలబడి చూడడం ఉచితం.

మూడు పీసులు టెస్ట్ చేశాం, మూడూ పాస్. ప్రొడక్ట్ మంచిదే కదా?

మూడింటికి మూడూ పాసైతే 90 శాతం నమ్మకంతో మీరు చెప్పగలిగింది ఏంటంటే, వందలో కనీసం 46 పీసులు నిలబడతాయి. అవును, 46. మిగతా 54 సంగతి మీ టెస్టు ఏమీ చెప్పలేదు.

వందకు 90 నిలబడతాయని 90 శాతం నమ్మకంతో అనాలంటే ఒక్కటీ పోకుండా 22 పీసులు పాసవ్వాలి. వందకు 95 అని 95 శాతం నమ్మకంతో అంటే 59. వందకు 99 నిలబడతాయని 90 శాతం నమ్మకంతో అనాలంటే 230. ఈ లెక్క చెప్పగానే పర్చేజ్ వాళ్ల మొహాలు చూడాలి. అందుకే పరిశోధన అంతా పీసుల సంఖ్య తగ్గించడం మీద నడుస్తుంది: పాస్/ఫెయిల్ అని ఆపేయకుండా విరిగేదాకా నడపడం, ఎన్ని సైకిళ్ల దగ్గర పోయిందో రాసుకోవడం, ఆ అంకెలను ఆయుష్షు లెక్కకు వాడే వైబుల్ గ్రాఫ్ మీద పెట్టడం. స్వీడన్ ఇంజనీరు వైబుల్ 1951లో వేసిన పేపరుతో ఇది అందరికీ తెలిసింది. గీత వాలు 1 కంటే తక్కువైతే పీసులు మొదట్లోనే పోతున్నాయి, అంటే తయారీలో లోపం. 1 దగ్గర ఉంటే ఎప్పుడు పోతుందో చెప్పలేం. 1 దాటితే అరుగుదల, వయసు మీద పడడం. ఆరేడు పీసులు విరగ్గొడితే వచ్చే ఈ సమాచారం 22 పీసులు పాస్ చేస్తే రాదు. విరిగిన పీసే ఎక్కువ చెప్తుంది, కానీ మన దగ్గర ఫెయిల్ అన్న మాట రిపోర్టులో కనపడితే చాలు టెన్షన్.

సాల్ట్ స్ప్రే 500 గంటలు పాసైంది. తుప్పు పట్టకుండా ఎన్నేళ్లు ఉంటుంది?

చెప్పలేం. ఎవరైనా చెప్తే నమ్మొద్దు. 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పు నీటి మంచులో పీసును నాన్‌స్టాప్‌గా తడపడమే ఆ టెస్టు. బయట ప్రపంచంలో తడుస్తుంది, ఆరుతుంది, ఎండ తగులుతుంది, మళ్లీ తడుస్తుంది. తుప్పు పట్టే తీరే వేరు. ఈ టెస్టు నిన్నటి ప్లేటింగూ ఇవాళ్టి ప్లేటింగూ ఒకేలా ఉన్నాయా అని చూడడానికి బాగా పనికొస్తుంది. ఏళ్ల లెక్కకు పనికిరాదు. చెన్నై ఎన్నూరులో సముద్రం పక్కన పెట్టిన బోల్టుకూ తుమకూరు రోడ్డు మీద ఉన్న బోల్టుకూ ఒకే 500 గంటలు ఎలా సరిపోతాయో మీరే ఆలోచించండి.

వేడి పెంచి టెస్టు త్వరగా ముగించొచ్చా? పది డిగ్రీలకు ఆయుష్షు సగం అవుతుందట?

కొన్నిటికి దగ్గరగా నిజం. కెపాసిటర్లు, ఇన్సులేషన్ లాంటి చోట రసాయన మార్పే ఆయుష్షును తినేస్తుంది, అక్కడ పనిచేస్తుంది. అన్నిటికీ కాదు.

డిసెంబరులో బెంగళూరు చలికి దోసెల పిండి పొంగదు, మా ఆవిడ గిన్నెను స్టవ్ పక్కన వెచ్చగా ఉండే చోట పెడుతుంది, పొద్దున్నకల్లా పొంగుతుంది. అది త్వరపెట్టడం. ఇంకా తొందరగా కావాలని అదే గిన్నెను స్టవ్ మీదే పెడితే పిండి పులవదు, ఉడికిపోతుంది. యాక్సిలరేటెడ్ టెస్టింగులో కష్టం మొత్తం ఇక్కడే ఉంది: ఎంత వేడి దాకా అదే లోపం త్వరగా వస్తోంది, ఎక్కడ దాటితే కొత్త లోపం పుడుతోంది. ప్లాస్టిక్ పీసును అది మెత్తబడే వేడి దాటించి పాడుచేసి, పదేళ్ల ఆయుష్షు లెక్క కట్టిన రిపోర్టు నా చేతికి వచ్చింది. ఫోటోలో పీసు అప్పడంలా వంగి ఉంది. కనీసం మూడు వేర్వేరు వేడిమిల దగ్గర చేసి, మూడింటిలోనూ పీసు ఒకేలా పాడైందని కోసి చూశాకే లెక్క వేయండి.

సీపీకే 1.33 చూపించమంటున్నారు, 1.10 వస్తోంది. ఏం చేయాలి?

సీపీకే అంటే సైజుల చెదురు హద్దుల లోపల ఎంత తీరిగ్గా ఇముడుతోందో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది. ముందు హిస్టోగ్రాం గీయండి, అంటే ఏ సైజు ఎన్నిసార్లు వచ్చిందో చూపే గ్రాఫు. పై హద్దుకు కొంచెం లోపల పెద్ద గుట్ట ఉండి, హద్దు దాటగానే కత్తిరించినట్టు ఖాళీగా ఉంటే, ఎవరో అటూ ఇటూగా ఉన్న పీసుల రీడింగులను లోపలికి "జరుపుతున్నారు". అప్పుడు సమస్య మిషనుది కాదు, రిజెక్షన్ వస్తే అరిచే సూపర్‌వైజరుది. గుట్ట సహజంగానే ఉంటే, టూల్ అరుగుతున్నకొద్దీ సైజు జరుగుతోందేమో వరస గ్రాఫు చూడండి. 1924లో బెల్ టెలిఫోన్ వాళ్ల వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో షూహార్ట్ ఒక పేజీ మెమోలో గీసి చూపించిన కంట్రోల్ చార్టు ఇందుకే. గంటలో తీసిన 30 పీసులతో నెల మొత్తానికి సీపీకే చెప్పకండి, చాలు.

ప్రొడక్ట్‌ను మెరుగుపరచాలంటే ఒక్కో సెట్టింగూ మార్చి చూడాలా?

అందరూ అలాగే మొదలెడతారు, అందరూ ఇరుక్కుంటారు. డై కాస్టింగులో, అంటే కరిగిన లోహాన్ని ఒత్తిడితో అచ్చులోకి నెట్టే పనిలో, గాలి బుడగలు వస్తున్నాయనుకోండి. లోహం వేడి, డై వేడి, ప్లంజర్ వేగం, చివరి ఒత్తిడి: నాలుగు. ఒక్కొక్కటి మూడు స్థాయిల్లో అంటే 81 కలయికలు. ఎవరు చేయనిస్తారు? ఏ కలయికలు నడపాలో సమతూకంగా ఏర్చి ఇచ్చే ఆర్థోగోనల్ యారే పట్టిక వాడితే 9 పరుగుల్లో నాలుగింటి ప్రభావమూ విడివిడిగా తెలుస్తుంది.

ఈ పట్టికను జపాన్ ఇంజనీరు టాగుచి పేరుతో అందరూ టాగుచి పట్టిక అంటారు, జపాన్‌ది అనుకుంటారు. దాని లెక్కకు పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు మన స్టాటిస్టిక్స్ పండితుడు సి.ఆర్. రావు. 1920లో కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివారు, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి 1940లలో ఆర్థోగోనల్ యారేల మీద పేపర్లు రాశారు. టాగుచి 1950లలో అదే ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. రావుగారు 2023లో, 102 ఏళ్ల వయసులో పోయారు. ల్యాబులో ట్రైనింగుకు వచ్చిన తెలుగు పిల్లల్లో ఈ పేరు విన్నవాళ్లు నాకు ఇద్దరే తగిలారు, అందుకే ఇంత పొడవుగా రాశా.

టాగుచి ఆలోచనలో నాకు బాగా నచ్చేది టైల్స్ ఫ్యాక్టరీ ఉదాహరణ. బట్టీలో ఒక చోట వేడి ఎక్కువ, ఒక చోట తక్కువ, టైల్స్ సైజులు తేడా వస్తున్నాయి. బట్టీ మార్చాలంటే బోలెడు ఖర్చు. వాళ్లు బట్టీని వదిలేసి మట్టిలో సున్నపురాయి పాళ్లు పెంచారు, ఆ మట్టికి వేడి తేడా అంతగా పట్టలేదు. కారణాన్ని తీసేయలేకపోతే దాని దెబ్బ తగలకుండా చేయడమన్నమాట. ఒక జాగ్రత్త: 9 పరుగుల పట్టికలో రెండు సెట్టింగులు కలిసి చేసే ప్రభావం మిగతావాటిలో కలిసిపోతుంది. అందుకే పట్టిక చెప్పిన మంచి సెట్టింగును మళ్లీ ఒకసారి నడిపి చూడకుండా సంబరం చేసుకోవద్దు. బుడగలు కొలిచే పద్ధతికి ముందు ఆర్ అండ్ ఆర్ చేశారా అని కూడా అడుగుతాను, తప్పదు.

విరిగిన పీసు వెనక్కి వచ్చింది. శుభ్రం చేసి పంపమంటారా?

వద్దు! కడగొద్దు, బ్రష్ వేయొద్దు, మరీ ముఖ్యంగా రెండు ముక్కలనూ కలిపి సరిగ్గా అతుకుతున్నాయో లేదో చూడొద్దు. అందరి చెయ్యీ ముందు అక్కడికే పోతుంది. విరిగిన ముఖం మీద సముద్రం ఒడ్డున అలలు వదిలిన గీతల్లాంటివి ఉంటే అది అలసట, అంటే కొద్దికొద్దిగా పగులు పాకిన జాడ; ఆ గీతలు వెనక్కి ఎక్కడికి చేరుతున్నాయో చూస్తే పగులు మొదలైన చోటు దొరుకుతుంది. ఎక్కువసార్లు అది పదునుగా వదిలేసిన మూలో, టూల్ గీసిన గీతో. రెండు ముక్కలూ రుద్దుకున్నాయంటే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. 19వ శతాబ్దంలో జర్మనీలో వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి చేసిన టెస్టుల నుంచి మనకు ఈ చదువు వచ్చింది. ముక్కలను విడివిడిగా, పొడిగా, ప్లాస్టిక్ కవర్లో సిలికా జెల్ వేసి పంపండి.

మాది పది మంది షాపు. సీఎంఎం కొనలేం.

సీఎంఎం అంటే పీసును మూడు దిక్కుల్లో తాకి కొలిచే ఖరీదైన మిషను. కొనకండి. మంచి గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు, స్లిప్ గేజుల సెట్టు, ఒక మైక్రాన్ డయల్, బోర్లకు గో–నోగో ప్లగ్గులు (ఒక చివర దూరాలి, రెండో చివర దూరకూడదు). ఇవి సరిగా వాడితే చాలా పనులు అయిపోతాయి. మిగతాది గంట లెక్కన బయట కొలిపించండి.

కెమెరా, ఏఐ పెట్టి ఇన్‌స్పెక్షన్ చేయిస్తే మనుషుల గొడవ ఉండదు కదా?

కెమెరా కూడా ఒక గేజే. ఒకే పీసును పదిసార్లు చూపించి పదిసార్లూ ఒకే మాట చెప్తుందో లేదో చూడండి. లైటు కాస్త జరిగినా, పీసు మీద నూనె తడి ఉన్నా మాట మారుస్తుంది. ఇంకో చిక్కు, మంచి షాపులో లోపాలు తక్కువ, మోడల్‌కు నేర్పడానికి లోపాల ఫోటోలే దొరకవు.

ఈ చదువుకు బెంగళూరా చెన్నైయా?

రెండూ. బెంగళూరులో 1953లో మెషిన్ టూల్స్ చేసే హెచ్ఎంటీ, 1960లో కరెంటు పరిశోధనకు సీపీఆర్‌ఐ, 1962లో మెషిన్ టూల్స్ పరిశోధన కోసం సీఎంటీఐ పెట్టారు; విమానాల పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ 1959లో ఢిల్లీలో మొదలై మరుసటి ఏడాది ఇక్కడికి వచ్చింది. వీటి చుట్టూనే పీణ్యా లాంటి పేటలు, గేజులు చేసే చేతులు పెరిగాయి. మైసూరు రోడ్డులో ఐఎస్ఐ (పైన చెప్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాఖ) ఉంది, క్వాలిటీ స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలంటే అదే. చెన్నైది మోటార్ల ఊరు, అక్కడ క్వాలిటీ అలవాటు ఫ్లోర్ మీద కనిపిస్తుంది. 1998లో మన దేశానికి మొదటి డెమింగ్ ప్రైజ్ (క్వాలిటీకి జపాన్ ఇచ్చే బహుమతి) తెచ్చింది అక్కడి సుందరం క్లేటన్. వాహనాల టెస్టింగుకు ఒరగడంలో జీఏఆర్‌సీ ఉంది, చదువుకు ఐఐటీ మద్రాస్ ఉంది. ఏ ఊరికొచ్చినా డ్రాయింగు చదవడం, కొంచెం స్టాటిస్టిక్స్, ఆ ఊరి భాష నేర్చుకోండి. ఆపరేటర్ మీతో మాట్లాడకపోతే వాషింగ్ మెషీన్ దగ్గరికి ఎవరూ తీసుకెళ్లరు.

మీ ల్యాబుకు వచ్చి చూడొచ్చా?

రండి, శనివారం పది తర్వాత అయితే తీరిగ్గా ఉంటాను, కింద దర్శినిలో కాఫీ నా ఖర్చే. జాబ్ కొలిపించుకోవాలంటే మాత్రం ముందురోజు సాయంత్రమే తెచ్చి గదిలో పెట్టి వెళ్లండి. బండి డిక్కీలోంచి తీసి "అన్నా, రెండు నిమిషాల్లో కొలిచి ఇవ్వు" అంటే ముట్టుకోను.